భూమన్న ఆఖరి వరస

పది లక్షలు దాటిన సంగతి కంటపడేసరికి సౌమ్య రెండు చేతులకూ బియ్యప్పిండి అంటుకుని ఉంది. గంజులో సర్వపిండి ఒత్తుతోంది. పిండిని అంచుల దాకా పల్చగా సర్ది, వేలితో చిల్లులు పెట్టి, చిల్లు చిల్లుకూ ఒక నూనె చుక్క వేయాలి. పెళ్లయి నలభై రోజులయింది. ఈ నలభై రోజుల్లో జగిత్యాలలో ఆమెకు నచ్చనిది ఏదీ కనబడలేదు. వంటింటి కిటికీలోంచి కనబడే నీళ్ల ట్యాంకు నచ్చింది. గడ్డం గీసుకుంటూ రంజిత్ తీసే కూనిరాగం నచ్చింది. ఆఖరికి గంజు అడుగున మాడిన సర్వపిండి పెచ్చు కూడా నచ్చింది. దాన్ని ఎవరు గీకి తినాలన్న దాని మీద మొగుడూ పెళ్లాలు రోజూ పోట్లాడుకునేవాళ్లు.

పొయ్యి గట్టు మీద ఫోను వెలిగింది. మోచేత్తో తిప్పి చూసింది. నిన్న పడుకునేటప్పుడు నాలుగు లక్షల దగ్గర ఉన్న రీల్ కింద ఇప్పుడు ఒకటి అంకె, దాని పక్కన ఎమ్ అక్షరం.

ఆమె పిలుపు వినగానే రంజిత్ సగం గడ్డానికి నురగతోనే వచ్చాడు. పది లక్షల మంది తమ పెళ్లి ఊరేగింపు బరాత్ చూశారంటే జగిత్యాల ఊరు ఎన్నిసార్లు నిండి ఖాళీ కావాలో చెబుతూ ఆమె చెంపకు నురగ పూశాడు. ఆమె పిండిచేత్తో అతని ముక్కు పట్టుకుంది. పొయ్యి మీద ఏదో మాడుతోందని వాకిట్లోంచి అత్తమ్మ స్వరూప కేకేసినా ఇద్దరికీ వినబడలేదు.

ఎవరెవరు ఏం రాశారో చూద్దామని రంజిత్ కామెంట్లు ఒక్కొక్కటే పైకి తోశాడు. వేలు ఆగింది. మళ్లీ తోశాడు, మళ్లీ ఆగింది. సౌమ్య అతని భుజం మీదుగా తొంగి చూసింది. వరసగా దండం పెట్టే చేతుల బొమ్మలు.

"సౌమ్యా, భూమన్న పోయిండు" అన్నాడు రంజిత్. "రాత్రి గుండె ఆగిందట."

రీల్ అంత పరుగు ఎందుకు తీసిందో అప్పుడు తెలిసింది.

గిటార్ భూమన్నది బుగ్గారం. పొద్దున తాడెక్కి కల్లు గీసేవాడు, సాయంత్రం కరెంటు గిటారు వాయించేవాడు. నాట్లేసే ఆడవాళ్ల పాటల్ని, బతుకమ్మ వరసల్ని ఆ గిటారు మీదికి ఎక్కించి మధ్యలో మబ్బు ఉరిమినట్టు ఉరిమించేవాడు. ముప్పై ఏళ్లుగా ఈ చుట్టుపక్కల వినాయకుడి మండపమంటే భూమన్న, పెళ్లంటే భూమన్న. గిటారుకు పట్టీ కూడా కొన్నది కాదు. తాడెక్కే పాత మోకును తెగ్గోసి భుజానికి వేసుకున్నాడు. రంజిత్ ఇంటర్ చదివే రోజుల్లో ఆయన ఎక్కడ వాయిస్తే అక్కడికి సైకిలేసుకుని పోయేవాడు. పెళ్లి కుదిరినప్పుడు పెట్టుపోతల ఊసెత్తని మనిషి ఒకే ఒక్కటి కోరాడు, బరాత్‌లో భూమన్న గిటారు ఉండాలని.

ఆ రీల్ అదే. ముప్పై సెకన్లు. పెళ్లికారు పక్కన నడుస్తూ, మోకు భుజాన వేసుకుని, కారులో ఉన్న పెళ్లికూతురి వైపు చూసి నవ్వుతూ వాయిస్తున్న ముసలాయన. తీసింది సౌమ్యే. ఆ మోకు, ఆ నవ్వు ముచ్చటగా అనిపించి తీసింది. రీల్ పెట్టేటప్పుడు మాత్రం గిటారు చప్పుడు తీసేసి, అందరూ వాడుతున్న ఒక డీజే పాట వేసింది. కింద "మా బరాత్‌ల గిటార్ తాత" అని రాసింది. ఇప్పుడు ఆ పాట కిందే జనం కన్నీళ్లు పెట్టుకుంటున్నారు. ఆయన చేతులను ఆఖరిసారి చూపించిన చెల్లెకు శతకోటి దండాలని ఒకరు, నీ కడుపు చల్లగుండ అని ఇంకొకరు.

వాళ్లకు తెలియనిది ఒకటుంది. రంజిత్‌కూ తెలియదు. ఆ సాయంత్రం భూమన్న పావుగంట కూడా వాయించలేదు. డీజే పెట్టించమని పిన్ని కూతురు సుస్మితను పంపింది సౌమ్యే. స్నేహితులు రంజిత్‌ను భుజాల మీద ఎత్తుకుని ఎగురుతున్నారు, అతను చూడలేదు. తర్వాత కారెక్కి, భూమన్న ఏడని అడిగాడు. పెద్ద మనిషి, అలిసిపోయిండా అని తనే అన్నాడు. అవునంది సౌమ్య. అప్పుడది ఆవగింజంత అబద్ధం. పక్కన మొగుడున్నాడు, మెడలో మల్లెదండ ఉంది, ఎదురుగా రంగురంగుల లైట్లు తిరుగుతున్నాయి, ఆ గింజ ఎక్కడో జారిపడి కనబడకుండా పోయింది.

సర్వపిండి నల్లగా మాడింది. ఆ రోజు దాన్ని ఎవరూ గీకి తినలేదు.

స్వరూప ఇద్దర్నీ గడప దగ్గరే ఆపింది. పెళ్లయి ఏడాది తిరగని జంట చావింటికి పోకూడదన్నది ఆమె తన అత్త దగ్గర నేర్చుకున్న మాట, ఆ అత్త ఇంకెవరి దగ్గరో నేర్చుకున్న మాట.

"పసుపు బట్టలు ఇడిచి నెల పదొద్దులాయె. ఆయన మనకేమన్న సుట్టమా?" అంది.

"సుట్టం కన్న ఎక్కువనే అమ్మా" అన్నాడు రంజిత్.

తల్లీ కొడుకులు కాసేపు గుంజుకుని చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. రంజిత్ పోతాడు, కానీ ఆ ఇంటి గడప తొక్కడు. రోడ్డు మీదే నిలబడి దండం పెట్టుకుని వస్తాడు. సౌమ్య మాత్రం కదలడానికి లేదు. ఆ మాట వినగానే సౌమ్యకు నెత్తి మీది మూట ఎవరో దించినట్టయింది. వెంటనే సిగ్గేసింది. డిగ్రీ చదివేటప్పుడు ఇలాంటి పట్టింపుల మీద తల్లితో గంటలు గంటలు వాదించిన పిల్ల, ఇవాళ ఆ పట్టింపు చాటున నక్కి కూచుంది.

సాయంత్రానికి తిరిగొచ్చిన రంజిత్ వాకిట్లోనే బకెట్టుతో నీళ్లు గుమ్మరించుకున్నాడు. సౌమ్య టవలు పట్టుకుని నిలబడితే, తల తుడుచుకుంటూ అంతా చెప్పాడు. సిరిసిల్ల నుంచి సాంచాలు నడిపే కార్మికులు, మరమగ్గాల పని ఆపుకుని, రెండు ఆటోల్లో వచ్చారట. పాడె ముందు భూమన్న వాయించిన పాటే పెడదామని ఎవరో స్పీకరు తెచ్చారట. అందరూ ఫోన్లు తీశారు. ఉన్నవన్నీ దూరం నుంచి తీసినవి, జనం ఈలలు, పగిలిన చప్పుడు. ముప్పై ఏళ్లు వాయించిన మనిషి వాయింపు మూడు నిమిషాలైనా శుభ్రంగా ఎవరి దగ్గరా లేదు. డప్పుల మీదే సాగనంపారు.

"కనకవ్వ అరుగు మీదికెల్లే నన్ను గుర్తువట్టింది" అన్నాడు రంజిత్. కనకవ్వ భూమన్న భార్య. "మీ పెండ్లి నుంచి అచ్చినంక గిటారు సంచిల వెట్టిండు కొడుకా, మల్ల సంచి ఇప్పనే లేదు అన్నది. చెయ్యి గుంజుతున్నదని అన్నడట."

సౌమ్య కొంగు అంచు వేలికి చుట్టింది, విప్పింది.

"చెయ్యి అంత గుంజుతున్నా మన కోసమని అచ్చి వాయించిండు సూడు" అన్నాడు రంజిత్. అతని కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆమె చెప్పాలనుకుంది. నోటి దాకా వచ్చింది. టవలు తీసుకుని దండెం మీద ఆరేయడానికి పోయింది.

రంజిత్‌ది కొత్త బస్టాండు దగ్గర ఫ్లెక్సీల దుకాణం. కంప్యూటర్లు చదువుకున్న పిల్ల కావడంతో పెళ్లయిన వారానికే సౌమ్య అక్కడ కుర్చీ సంపాదించింది. బారసాలల ఫ్లెక్సీలకు ఏనుగు పిల్లలను, పుట్టినరోజుల ఫ్లెక్సీలకు సింహాలను పెట్టడం ఆమెకు సరదా. శుక్రవారం పొద్దున ఆమె ముందున్నది శ్రద్ధాంజలి ఫ్లెక్సీ. నీలం మబ్బులు, రెండు దీపాలు, మధ్యలో భూమన్న. బొమ్మ ఆమె రీల్‌లోంచి తీసిందే. అంతకన్నా మంచి బొమ్మ ఎవరి దగ్గరా లేదు.

ఆర్డరు ఇవ్వడానికి సిరిసిల్ల నుంచి మహిపాల్ వచ్చాడు. సాంచాల మీద ఇరవై ఆరేళ్లుగా పనిచేస్తున్న మనిషి. ఆ చప్పుడు మధ్య బతికినవాళ్లకు మెల్లగా మాట్లాడటం రాదు. అతను కుశలం అడిగితే పక్క దుకాణం వాళ్లు తొంగి చూశారు.

ఆదివారం పదకొండింటికి సభ అని చెప్పాడు. వాళ్ల వీధిలో సాంచాలన్నీ గంటసేపు ఆపుతారట. ఎందుకంత అభిమానమని సౌమ్య అడగలేదు గానీ, అతనే చెప్పాడు.

"సాంచాలు నడుస్తుంటె పక్కపొంటి మనిషి ముచ్చట ఇనవడది చెల్లె. గణపతి దగ్గర భూమన్న గిటారు కొడితె మాత్రం లోపటికి ఇనవడేది. పని ఇడువకుంటనే ఇనేటోళ్లం. మా కోసం ఇంకింత గట్టిగ కొట్టేటోడు. అందరు సప్పుడు తగ్గియ్యి అంటరు, ఆయన మాకోసం పెంచేటోడు."

తర్వాత కుర్చీ దగ్గరికి జరుపుకుని, రీల్ మీద డీజే పాట ఉందని, దాని కింది అసలు చప్పుడు కావాలని అడిగాడు. సభలో అదే వినిపించాలని అందరి పట్టుదల.

"అసలుది తీసేసిన అన్నా" అంది సౌమ్య. "ఫోన్ల జాగ లేకుండె."

అది నిజమే. జాగా చేసింది ఎందుకో కూడా ఆమెకు గుర్తే. ధర్మపురిలో గోదావరి ఒడ్డున ఇద్దరూ దిగిన నూటా ఇరవై ఫొటోల కోసం. మహిపాల్ బొమ్మలోని భూమన్న వేళ్ల వైపు చూస్తూ కూచున్నాడు. అతని చూపుడు వేలికి నూలు పోగులు కోసిన సన్నటి గాట్లున్నాయి.

"పెండ్లి వీడియో తీసినోడి దగ్గర ఉంటది గద" అన్నాడు చివరికి.

రంజిత్ లేచి నిలబడ్డాడు. కోరుట్ల వీరేందర్. ఇంకా ఆల్బమే ఇవ్వలేదు. వీడియో ముట్టుకుని కూడా ఉండడు. రేపే పోయి తెస్తామని మాటిచ్చాడు. సౌమ్య మౌస్ అందుకుని, సరిగ్గానే ఉన్న మబ్బులను మళ్లీ సర్దింది.

ఇక ఫ్లెక్సీ కింది వరస మిగిలింది. ఇక్కడ ఏ ఫ్లెక్సీ అయినా కింద అభిమానుల ఫొటోలు గుండ్రంగా వరస కట్టాల్సిందే. ముప్పై రెండు మొహాలు వాట్సాప్‌లో వచ్చాయి. సౌమ్య వాటిని ఒక్కొక్కటే గుండ్రంగా కత్తిరించి పేర్చింది. మహిపాల్ వేలు పెట్టి లెక్కపెట్టి, ముప్పై మూడోది ఏదన్నాడు. ఎవరిదని అడిగితే, ఆఖరి వీడియో తీసిన చెల్లెది అన్నాడు. ఆమె వద్దంది. రెండోసారీ వద్దంది. మహిపాల్ దాన్ని మొహమాటం అనుకున్నాడు, రంజిత్ మురిసిపోయాడు. తన ఫొటోను తన చేత్తోనే గుండ్రంగా కత్తిరించి వరస చివర పెట్టింది. మహిపాల్ ఒప్పుకోక, నడిమిట్లో, భూమన్న కాళ్ల కింద పెట్టించాడు.

మిషన్ మీద ఫ్లెక్సీ మెల్లగా దిగింది. రంగు వేసే తల అటూ ఇటూ తిరుగుతుంటే ముందు మబ్బులు వచ్చాయి, తర్వాత భూమన్న నవ్వు, తర్వాత మోకు, తర్వాత వేళ్లు. అన్నిటికన్నా చివర ఆమె మొహం వచ్చింది, పెళ్లినాటి బొట్టుతో.

కోరుట్ల సౌమ్య పుట్టిన ఊరు. బండి మీద ఆ దారిలో పోయేటప్పుడల్లా రంజిత్ భుజం మీద గడ్డం ఆనించి, ఇది మా బడి, ఇది నేను పడ్డ మోరీ కాలువ అని చూపించేది. శనివారం ఆమె ఏమీ చూపించలేదు.

వీరేందర్ స్టూడియో రెండో అంతస్తులో ఉంది. ఆల్బం కోసం వచ్చారనుకుని అతను ముందే నాలుగు సాకులు చెప్పాడు. సంగతి విన్నాక తేలికపడ్డాడు. పెళ్లి వీడియోల్లో అసలు చప్పుడు ఎవరూ ఉంచుకోరట. మొత్తం తుడిచేసి పాటలు వేయడమే పద్ధతి, పంతులు మంత్రాలు కూడా ఉండవు.

"నా బద్దకం గిన్నొద్దులకు అక్కరకచ్చింది. ఇంక తుడువలే" అన్నాడు.

కారు ముందు అద్దానికి లోపలివైపు బిగించిన కెమెరాలో ఉన్న ముక్క అది. వెతికి పట్టుకునేసరికి మహిపాల్ ఫోను చేశాడు, స్టేజీ మీద ఫ్లెక్సీ ఎటువైపు కట్టాలని. స్టూడియోలో సిగ్నల్ అందక రంజిత్ మెట్ల మీదికి పోయాడు. వీరేందర్ దగ్గర ఉన్నవి ఒక్కటే హెడ్‌ఫోన్లు. వాటిని సౌమ్యకు ఇచ్చి, కంప్యూటరు స్పీకర్లు చిన్నగా పెట్టుకుని తను విన్నాడు.

గిటారు మొదలయింది.

ఆ రోజు ఆమె వినలేదు. చూసింది, ఫోనులో పట్టుకుంది, కానీ వినలేదు. ఇప్పుడు విన్నది. చిన్నప్పుడు అమ్మమ్మ వాళ్ల పొలంలో నాటేసే ఆడవాళ్లు వంగి, ఒకరందిస్తే ఒకరు అందుకునే వరస అది. గిటారులో ఒక తీగ అందిస్తే ఇంకో తీగ అందుకుంటోంది. మధ్యలో చప్పుడు బొంగురుపోయి, గర్జించి, మళ్లీ ఆడగొంతులోకి దిగింది. సౌమ్యకు చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. ఒక్క క్షణం అన్నీ మరిచిపోయి నవ్వింది.

అప్పుడు ఆమె గొంతు వచ్చింది. కెమెరా కారు లోపలే ఉండటంతో గిటారు కన్నా దగ్గరగా, తేటగా వచ్చింది.

"సుస్మితా, గా డీజే అన్నకు చెప్పుపోవే. ఈ పాత గిటారు ఇంకెంతసేపు? నా బరాత్‌ల నేను ఎగురకుంటనే అయిపోయేటట్టున్నది."

తెర మీద సుస్మిత పరుగెత్తింది. పెళ్లికూతురి గాజుల చేయి ఒకటి కారులోంచి బయటికి వచ్చి, చాలు, చాలు అన్నట్టు ఊగింది. భూమన్న ఆ చేతిని చూశాడు. చూసి తలాడించాడు. గిటారు మీది బిళ్ల తిప్పి చప్పుడు తగ్గించుకున్నాడు. సిరిసిల్లలో ఎవరు అడిగినా తగ్గించని మనిషి. తగ్గించి, ఒకే తీగ మీద, ఇంకో వరస ఎత్తుకున్నాడు. అప్పగింతలప్పుడు ఆడవాళ్లు బిడ్డ చేతిని అత్త చేతిలో పెడుతూ పాడే వరస. డీజే అతను వైర్లు సర్దుకునేంతసేపు, పాతిక సెకన్లో ముప్పై సెకన్లో, కారు వైపు తిరిగి, ఆ పిల్ల కోసమే వాయించాడు.

ఆ వరస మీదే ఆమె గొంతు మళ్లీ వచ్చింది, నవ్వుతో కలిసి. "ముసలాయన ఇంక ఆపుతలేడు సూడే."

తర్వాత డీజే భళ్లుమంది. భూమన్న వంగి వైరు పీకి, అరచేతికీ మోచేతికీ మధ్య శ్రద్ధగా చుట్టుకుంటూ తెరలోంచి పక్కకు పోయాడు.

వీరేందర్ ఆమె వైపు చూడకుండా గొంతు సవరించుకున్నాడు.

"అక్కా, ఈడిదాక కోస్త. నువ్వు మాట్లాడక ముందటిదాక. నాలుగు నిమిషాలు మస్తుంటది. ఎవ్వలకు తెల్వది."

"వెనకది?"

"వెనకది పోతది మరి."

గొంతు ఒక్కటే తీసేయడానికి వస్తుందా అని అడిగింది. అతను ప్రయత్నించాడు. ఏదో సాఫ్ట్‌వేర్‌లో వేసి రెండుసార్లు చూశాడు. ఆమె మాట పోయింది గానీ దానితో పాటు ఆ సన్నటి తీగ కూడా నీళ్లలో మునిగినట్టు బుడబుడమంది. రెండూ ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. ఉంటే రెండూ ఉండాలి, పోతే రెండూ పోవాలి.

మెట్ల మీద రంజిత్ చెప్పుల చప్పుడు వినబడింది. వీరేందర్ మౌస్ మీద చేయి పెట్టి, ఏం చేయమంటావన్నట్టు చూశాడు. కోయమంటే అర నిమిషం పని. నాలుగు నిమిషాలు చాలు, సభ నిండిపోతుంది, అందరూ చేతులెత్తి మొక్కుతారు, రోజూ రాత్రి ఆడే ఆటలాగే ఇవాళ కూడా రంజిత్ వీపు మీద వేలితో పేర్లు రాసి చదవమనొచ్చు.

"బావా, ఇట్ల రా" అంది సౌమ్య. హెడ్‌ఫోన్లు తీసి అతని చెవులకు తనే పెట్టింది.

వీరేందర్ చాయ్ తెస్తానని కిందికి పోయాడు. రంజిత్ మొదట కళ్లు మూసుకుని విన్నాడు. మొహం విచ్చుకుంది. వేళ్లు తొడ మీద తాళం వేశాయి. తర్వాత వేళ్లు ఆగాయి. కళ్లు తెరిచి తెరవైపు చూశాడు. అయిపోయాక వెనక్కి తిప్పి, మళ్లీ మొదటి నుంచి విన్నాడు. అంతసేపూ సౌమ్య గోడకున్న పెళ్లిజంటల ఫొటోలు చూస్తూ నిలబడింది. అందరూ నవ్వుతున్నారు.

రంజిత్ హెడ్‌ఫోన్లు తీసి, వాటి వైరును అరచేతికి చుట్టాడు.

"అలిసిపోయిండా అని అడిగితె, అవునంటివి."

"అంటి" అంది సౌమ్య.

"నలభై దినాలు."

"ఊ."

అతను తిట్టి ఉంటే బాగుండేది. వీరేందర్ తెచ్చిన చాయ్‌లు బల్ల మీదే చల్లారిపోయాయి. ముక్క ఎంతవరకు కోయమంటారని అతను అడిగాడు. రంజిత్ మెట్ల వైపు నడిచాడు. సౌమ్యే చెప్పింది, డీజే మొదలయ్యేదాకా మొత్తం కావాలని. పెన్‌డ్రైవ్‌లో ఎక్కుతున్నంతసేపూ తెర మీది పచ్చగీత ఆమె గుండె మీద పాకినట్టే పాకింది.

తిరుగు దారిలో ఆమె రంజిత్ భుజం పట్టుకోలేదు. బండి వెనక ఇనుప కడ్డీ పట్టుకుంది. ఇద్దరి మధ్య ఒక జానెడు ఖాళీ, ఆ ఖాళీలోంచి గాలి వీచింది.

దుకాణంలో ఫ్లెక్సీ పని ఇంకా మిగిలి ఉంది. అంచులు మడిచి గమ్ము పెట్టాలి, తాళ్లు కట్టడానికి కంతలు కొట్టి రింగులు బిగించాలి. ఇద్దరూ నేల మీద ఎదురెదురుగా కూచున్నారు. ఆమె మడత పట్టుకుంటే అతను సుత్తితో రింగు కొట్టాడు. పని మాత్రం ఎప్పటిలాగే కుదిరింది. నాలుగో రింగు దగ్గర సౌమ్య ఫోను తీసి మహిపాల్‌కు చేసింది. రంజిత్‌కు వినబడేలా ఫోను నేల మీద పెట్టింది.

దొరికిందని చెప్పగానే అవతల మహిపాల్ ఎవరెవరినో పిలిచి ఆ మాట అరిచి చెప్పాడు. సాంచాల హోరు మీద కేకలు వినబడ్డాయి. అది తగ్గేదాకా ఆగి, మిగతాది కూడా చెప్పింది. ఆపమన్నది ఎవరో, ఏ మాటలతో ఆపమన్నదో, ఆ మాటలు ఎక్కడ పడ్డాయో ఒక్కటీ దాచకుండా చెప్పింది. హోరు దూరమయింది. మహిపాల్ షెడ్డులోంచి బయటికి వచ్చినట్టున్నాడు.

"కోస్తె అయిపాయె గద చెల్లె" అన్నాడు. మెల్లగా మాట్లాడటం రాని మనిషి మెల్లగా అన్నాడు. "మా నోటెంట ముచ్చట బయటికి పోదు."

"కోస్తె ఆయన వాయించింది పోతదన్నా. అప్పగింతల వరస. అదే ఆఖరుది."

అవతల షెడ్డు తలుపు దగ్గరికి వేసిన చప్పుడయింది.

"మావోళ్లు ఊకోరు" అన్నాడు. "ఒక మాట అంటరు. మొకం మీదనే అంటరు."

"అననియ్యి. ముందుగాల మైకు నాకియ్యి. ఆ గొంతు నాదని నేనే చెప్త. చెప్పినంకనే పెట్టు."

సరే అని గానీ కాదని గానీ అనకుండా, పదకొండింటికల్లా రమ్మని ఫోను పెట్టేశాడు.

సౌమ్య కత్తెర తీసుకుంది. ఫ్లెక్సీ నడిమిట్లో, భూమన్న కాళ్ల కింద ఉన్న తన మొహం చుట్టూ వేలితో గీసి చూసింది. తెల్ల ముక్క అతికిస్తే సరిపోతుంది. రంజిత్ చేయి చాపి కత్తెర తీసుకుని తన వెనక పెట్టుకున్నాడు.

"వీడియోల గొంతు కొయ్యద్దంటివి. ఫొటో ఎందుకు కోస్తవ్?" అన్నాడు. కోరుట్ల నుంచి వచ్చాక అదే మొదటి మాట. "గట్లనే ఉండనీ. అందరు సూడనీ."

అందులో కోపం ఎంతో, ఇంకేదైనా ఎంతో ఆమెకు తెలియలేదు. ఐదో రింగుకు మడత పట్టుకుంది. అతను కొట్టాడు.

ఇంటికి వచ్చేసరికి స్వరూప వాకిట్లో పీట వేసుకుని చిక్కుడుకాయలు తుంచుతోంది. ఇద్దరి మొహాలూ చూసి, ఏమైందని రెండుసార్లు అడిగింది. సౌమ్య ఆమె పక్కనే నేల మీద కూచుని, గంపలోంచి గుప్పెడు కాయలు తీసుకుని తుంచుతూ మొత్తం చెప్పింది. స్వరూప చేతులు మొదట ఆగాయి, తర్వాత మెల్లగా కదిలాయి. చివరకు, తెలిసీ తెలియని వయసు అంది. ఇరవై మూడేళ్లు తెలియని వయసు కాదని సౌమ్య అంది.

"కనకవ్వ రేపు సభకు రాదు అత్తమ్మా. దినాలయ్యేదాక గడప దాటది. సభల పెట్టినంక ఎవ్వలో ఒకలు ఫోన్ల పంపుతరు, ఆమె అట్ల ఇంటది. నా గొంతు అట్ల ఇనద్దు."

స్వరూపకు అర్థమయింది. చేతిలోని కాయను తుంచకుండా గంపలో వేసింది. "ఏడాది తిరుగలే బిడ్డా" అంది. గొంతులో గురువారం నాటి గట్టిదనం లేదు.

రంజిత్ గోడకు తగిలించిన బండి తాళం తీశాడు.

"పెట్రోల్ పోయించుకస్త" అన్నాడు. "బుగ్గారం పోయి, మల్ల సిరిసిల్ల పోవాలెనంటె చానా దూరం."

సౌమ్య ఒళ్లోని చిక్కుడు ఈనెలు దులుపుకుని లేచింది.

"రేపు పొద్దుగాల ఆరింటికి పోతున్న అత్తమ్మా" అంది. "నేను రోడ్డు మీద నిలవడ. లోపటికి పోత. ఆమె పక్కన కూసోని మొత్తం ఇనిపిస్త. ఆమె ఇన్నంకనే సిరిసిల్లకు."